చర్చ: ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (లినక్స్ బూట్ అయ్యేటప్పుడు, అసలు సిస్టమ్ ఉన్న రూట్ డిస్కు మౌంట్ కాకముందు మెమరీలో నడిచే చిన్న ఫైల్ సిస్టమ్‌లో) యూడెవ్ (పరికరాలను గమనించి రూల్స్ ప్రకారం సిద్ధం చేసే ప్రోగ్రామ్) నిజంగా అవసరమా?

చిన్నకెర్నల్: కెర్నల్ 2.6.32 నుంచి డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంది. మౌంట్ చేస్తే చాలు, పరికరాల నోడ్లు (ఒక్కో పరికరాన్ని సూచించే ప్రత్యేక ఫైళ్లు) కెర్నలే పెడుతుంది. రూట్ డిస్కు దొరకడానికి ఇంకేం కావాలి? యూడెవ్‌ని ఎందుకు మోయాలి?

సర్వర్‌గది: డ్రైవర్ లోడ్ అయితేనే నోడ్ వస్తుంది. డ్రైవర్ విడిగా లోడ్ చేయాల్సిన మాడ్యూల్‌గా ఉంటే, యూఈవెంట్‌లోని (పరికరం గురించి కెర్నల్ పంపే కబురులోని) మోడ్‌ఎలియాస్ అనే పరికరం గుర్తు చూసి, మాడ్యూల్‌ని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్‌ని పిలిచేది ఎవరు?

రెండుముక్కలు: యూడెవ్‌కి బదులు వాడే చిన్న ప్రోగ్రామ్ ఎండెవ్ కూడా ఆ పని చేస్తుంది.

పాతటెర్మినల్: కన్సోల్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. కెర్నల్‌లో ఆటోమౌంట్ ఆప్షన్ పెట్టినా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ దానంతట అది మౌంట్ కాదు. సొంత ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని కెర్నల్‌లోనే కలిపి బిల్డ్ చేసి, అందులో కన్సోల్ నోడ్ (మేజర్ 5, మైనర్ 1 నంబర్లది) పెట్టకపోతే ఇనిట్ స్క్రిప్ట్ ఎక్కడ ఆగిందో స్క్రీన్ మీద ఒక్క ముక్క రాదు.

చిన్నకెర్నల్: నోడ్ తయారుచేసే ఒక్క ఎంకేనోడ్ కమాండ్‌తో పోయేదానికి యూడెవ్ దేనికి? డ్రైవర్లంటారా, నేను కెర్నల్‌లోనే కలిపేస్తాను.

సర్వర్‌గది: ఒకచోట ఎవరో రూట్‌కి ఎస్‌డీఏ2 అని డిస్కు పేరే రాసిపెట్టారు. కొత్త డిస్కు పెట్టగానే పేర్లు మారిపోయాయి. రాత్రంతా నేనే కూర్చున్నాను. యూడెవ్ ఇచ్చే బై-యూయూఐడీ లింకులు (పేరుతో కాక, మారని ఐడీతో డిస్కును చూపేవి) వాడి ఉంటే ఆ గొడవే లేదు.

చిన్నకెర్నల్: పార్ట్‌యూయూఐడీ (డిస్కు పార్టిషన్ ఐడీ) రాస్తే కెర్నలే వెతుక్కుంటుంది. మామూలు డిస్కుకి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్సే అక్కర్లేదు.

సర్వర్‌గది: ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కయితే, దాన్ని తెరవడానికి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కావాలిగా? ఒక్క బోర్డుతో పని చేసి అందరికీ చెప్పకండి. మా ఇమేజ్ ఏ మెషీన్ మీద లేస్తుందో మాకే తెలీదు!

చిన్నకెర్నల్: నా మెషీన్‌లో ఏముందో నాకు తెలుసు. తెలీని మెషీన్‌కి యూడెవ్ కావాలంటే కాదనను. కానీ నా బూట్ యూడెవ్ సెటిల్ (యూడెవ్ చేతిలో ఉన్న పనులు ముగిసేదాకా ఆగే కమాండ్) దగ్గర ఆగిపోతే, నేను రాయని రూల్స్ అన్నీ చదువుతూ కూర్చోవాలి. నాకు నచ్చనిది అదీ.

సర్వర్‌గది: ఆ మాట ముందే అనాల్సింది. సరే, మీ డిస్కు ఆలస్యంగా వస్తే?

రెండుముక్కలు: కెర్నల్‌కి రూట్‌వెయిట్ (రూట్ డిస్కు వచ్చేదాకా ఆగమనే ఆప్షన్) పెట్టండి.

సర్వర్‌గది: అది కెర్నల్ నేరుగా రూట్ మౌంట్ చేసేటప్పుడే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి వచ్చాక ఎదురుచూసే లూప్ మీరే రాసుకోవాలి. రాశారా?

చిన్నకెర్నల్: రాశాను. నోడ్ కోసం కాసేపు చూస్తుంది, రాకపోతే షెల్ ఇస్తుంది. కెర్నల్ తనకు కనిపించిన పరికరాలను చూపే సిస్ డైరెక్టరీలో డిస్కు ఉందో లేదో అక్కడే చూసుకుంటాను.

పాతటెర్మినల్: కన్సోల్ నోడ్ ఉంటేనే ఆ షెల్ మీకు కనిపించేది.