సాహిత్య వ్యాసంలో తత్త్వవేత్తల్నీ చరిత్రనీ ఎంతవరకు తేవాలి?

ప్రశ్న (ఎమ్మే తెలుగు, విశాఖ):
గురజాడ నాటకం కన్యాశుల్కం మీద వెయ్యి పదాల వ్యాసం రాయాలండి. చిత్తుప్రతిలో మిల్, మార్క్స్, కాంట్ ముగ్గురినీ తెచ్చాను. మొదటి పేజీ అంతా సంఘసంస్కరణ చరిత్రే. "నాటకం ఎక్కడుందమ్మా?" అని మా లెక్చరర్ మార్జిన్‌లో రాసి తిరిగిచ్చారు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

ఆశీలుమెట్ట పాఠకుడు:
ముగ్గురిలో ఒక్కరినే ఉంచమ్మా. నేనైతే కాంట్‌ని ఉంచుతాను. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని ఆయన 1785లో చెప్పాడు. ఆ మాట నీ సొంత వాక్యాల్లో రెండు ముక్కల్లో చెప్పు చాలు, జీవిత చరిత్ర అక్కర్లేదు. వెంటనే సన్నివేశంలోకి వెళ్లు. డబ్బు కోసం తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోయిన అగ్నిహోత్రావధాన్లుకి ఈ సూత్రం సూటిగా తగులుతుంది.

అక్కడే ఆపేస్తే వ్యాసం చప్పగా ఉంటుంది, ఎందుకంటే ఆ పెళ్లి తప్పని చెప్పడానికి కాంట్ అవసరం లేదు. సుబ్బిని కాపాడింది ఏమిటో చూడు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, కూతురని చెప్పి అదే ముసలాయనకి అమ్ముతాడు. అంటే మోసం, పైగా ఇంకో పిల్లవాణ్ణి సాధనంగా వాడుకోవడం. కాంట్ అబద్ధాన్ని ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోడు. నాటకం మాత్రం ఆ అబద్ధం మీదే నడుస్తుంది, మనమూ దాని పక్షానే ఉంటాం. సిద్ధాంతం నాటకానికి సరిపడని ఆ చోటే నీ వాదన మొదలవుతుంది. ఆరేడు వందల పదాలు అక్కడ ఖర్చుపెట్టు.

వాల్తేరు లైబ్రరీ:
చరిత్ర గురించి నా మాట. ఒక పాత్ర చేతులు కట్టేసిన విషయమో, దారి ఇచ్చిన విషయమో అయితేనే అది వ్యాసంలోకి రావాలి. వితంతు పునర్వివాహానికి 1856 నుంచే చట్టం ఉంది. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. కాబట్టి సుబ్బి అక్క, వితంతువైన బుచ్చమ్మకి అడ్డు చట్టం కాదు, కులమూ ఇల్లూ. ఈ ఒక్క వాక్యంతో, ఆమెకి సంస్కరణ కబుర్లు చెప్పే గిరీశం ఉపన్యాసాల్ని చదివే తీరే మారిపోతుంది.

తరచూ దొర్లే పొరపాటు ఇంకొకటి. 1891 చట్టం బాల్యవివాహాల్ని ఆపిందని రాస్తారు. అది సమ్మతి వయసును (శారీరక సంబంధానికి చట్టం ఒప్పుకునే కనీస వయసును) పదేళ్ల నుంచి పన్నెండుకి పెంచింది, అంతే. పెళ్లినీ శుల్కాన్నీ ముట్టుకోలేదు. బాల్యవివాహ నిరోధక చట్టం 1929 నాటిది. దాన్ని ఈ నాటకానికి నేపథ్యంగా చూపిస్తే మార్కులు పోతాయి.

ప్రశ్న అడిగినవారు:
మరి 1892 ప్రదర్శనకీ 1891 చట్టానికీ ముడిపెట్టొచ్చా? నా ఉదాహరణలన్నీ నాటకంలోని వేశ్య మధురవాణి సంభాషణలే.

వాల్తేరు లైబ్రరీ:
జాగ్రత్తమ్మా. విజయనగరంలో ఆడింది 1892లో, మొదటి ముద్రణ 1897లో, బాగా తిరగరాసిన రెండో కూర్పు 1909లో. మనం మామూలుగా చదివేది ఈ రెండోదే. మధురవాణి పాత్ర బాగా పెరిగిందీ ఇందులోనే. 1909 సంభాషణని 1892 వాతావరణానికి సాక్ష్యంగా పెట్టకు. నీ చేతిలో ఉన్నది ఏ కూర్పో మొదటి పేరాలోనే రాసెయ్యి. రెండిటినీ పక్కపక్కన పెట్టే ఓపిక ఉంటే, తొలికూర్పులో లేని ఒక సంభాషణ తీసుకుని అదెందుకు చేరిందో అడుగు. అప్పుడు చరిత్రకి ఓ నూటయాభై పదాలు చాలు.

ఆశీలుమెట్ట పాఠకుడు:
మధురవాణే నీ కేంద్రమైతే సుబ్బి పెళ్లి బదులు, విశాఖలో వకీలు సౌజన్యారావు పంతులుతో ఆమె చివరి సన్నివేశం తీసుకో. వేశ్యని ముట్టుకోనన్న ఆయన నియమమూ, మనిషిని మనిషిగా చూడటమూ అక్కడ ఎదురెదురుగా నిలబడతాయి. కాంట్ అక్కడికీ పనికొస్తాడు.