అంగన్‌వాడీ ఆయాగా ఉన్న మా వదిన 35 ఏళ్లకు పదో తరగతి రాయగలదా?

ప్రశ్న (మార్కాపురం నుంచి)

నమస్కారం. మార్కాపురం దగ్గర నల్లమల అంచున ఉన్న పల్లె మాది. మా వదినకు 35 ఏళ్లు. ఏడో తరగతి అయ్యాక, హైస్కూలుకు నాలుగు కిలోమీటర్లు నడవాలని ఇంట్లో చదువు మాన్పించారు. పదకొండేళ్లుగా మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. నిరుడు కార్యకర్త సెలవులో ఉన్న రోజు నేను అటు వెళ్లాను. పిల్లవాణ్ణి తక్కెడ సంచిలో కూర్చోబెట్టి, కదలకుండా మాటల్లో పెట్టి, ముల్లు నిలిచేదాకా ఆగింది. "పోయిన నెల కంటే 200 గ్రాములు తగ్గాడు. విరేచనాలు పట్టుకున్నాయేమో వాళ్లమ్మను అడగాలి" అంది. పని అంతగా తెలిసిన మనిషి. కార్యకర్త పోస్టుకు మాత్రం పదో తరగతి కావాలి.

రోజూ బడికి వెళ్లకుండానే పదో తరగతి రాయించే ఓపెన్ స్కూలు గురించి విచారిస్తే ఒక మధ్యవర్తి "పన్నెండు వేలు ఇవ్వండి, పుస్తకం తెరవక్కర్లేదు, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "రేపు రిజిస్టరు రాయాల్సింది నేనే కదా బాబూ, అప్పుడెవరు చూసుకుంటారు?" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి తనచేత సొంతంగానే రాయించాలని నాకు పట్టుదల.

లెక్కలన్నా ఇంగ్లీషన్నా తనకు భయం. అవి తప్పనిసరా? సెలవురోజుల తరగతులకు 20 కిలోమీటర్లు వెళ్లాలి, మా ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పరీక్ష ఒకసారి తప్పితే మళ్లీ మొదటికి వస్తుందా?

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

బాబూ, ఓపెన్ స్కూలు కేంద్రంలో ఆరేళ్లు పనిచేశాను. పదో తరగతిలో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పైన హద్దు లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు ఉంటుంది, ఆ లోపు తొమ్మిదిసార్లు రాయవచ్చు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మళ్లీ రాయక్కర్లేదు. అందుకే ఐదు సబ్జెక్టులూ ఒక్కసారే నెత్తిన పెట్టకండి. మొదట తెలుగు, సాంఘికశాస్త్రం రాయించండి.

భాష ఒక్కటి తీసుకున్నా సరిపోతుంది. లెక్కలు వద్దనుకుంటే గృహవిజ్ఞానం ఎంచుకోవచ్చు. పోషకాహారం, పిల్లల పెంపకం అందులో పాఠాలే, మీ వదినగారికి చేతిలో పని. అయితే ముందు ముందు పాలిటెక్నిక్ వంటి చదువుల ఆలోచన ఉంటే మాత్రం లెక్కలు వదలకూడదు, ఆమెనే అడిగి నిర్ణయించండి. ఆ మధ్యవర్తిని గడప ఎక్కనివ్వకండి. పట్టుబడితే నష్టపోయేది ఆమే.

జవాబు (కనిగిరి నుంచి ఒక అక్క)

తమ్ముడూ, నేను 38 ఏళ్లకు పాసయ్యాను, ఇప్పుడు ఇంటర్ రాస్తున్నాను. పాఠాలకంటే నన్ను ఎక్కువ ఏడిపించింది నా చెయ్యి. మొదటి పరీక్షలో అరగంటకే వేళ్లు కొంకర్లు పోయాయి. జవాబు తెలుసు, కలం కదలదు. కళ్లనీళ్లు పేపరు మీద పడకుండా కొంగుతో ఒత్తుకున్నాను. ఇరవై ఏళ్లలో సంతకం తప్ప ఏమీ రాయలేదు కదా! ఆ పరీక్ష పోయింది. తర్వాత రోజూ తెల్లవారుజామున పొయ్యి వెలిగించేలోపు రెండు పేజీలు చూసి రాశాను. మీ వదినచేత ఈరోజే మొదలుపెట్టించండి, ఫీజు తర్వాత కట్టవచ్చు.

ఇంకో మాట. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా అన్నం ఎవరు వడ్డిస్తారో మీ అన్నగారితో ముందే మాట్లాడండి. మా ఇంట్లో ఆ గంట దొరకడానికే ఏడాది పట్టింది.

బస్సు సంగతి పొదుపు సంఘంలో అడగండి. బడి మానేసినవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. మేం నలుగురం కలిసి ఆటో మాట్లాడుకున్నాం.

ప్రశ్న వేసినవారు

అక్కా, మాస్టారూ, కృతజ్ఞతలు. నిన్న సంఘం సమావేశంలో వదినే లేచి అడిగిందట, ఇంకో ముగ్గురు వస్తామన్నారు. ఆటోకు మనిషికి 60 రూపాయలు. అన్నయ్య ఏమీ అనలేదు కానీ రాత్రి తన కంచం తనే కడుక్కున్నాడు. ఆ ముగ్గురిలో ఒకరికి ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉంది. దరఖాస్తుకు ముందే దిద్దించాలా?

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

ముందే దిద్దించండి. రేపు మార్కుల మెమోలో తప్పు తేదీ పడితే దాన్ని మార్పించడానికి కాళ్లరిగేలా తిరగాలి.