బేరింగ్, హెడింగ్: రెండింటికీ ‘దిశ’ అంటే సరిపోతుందా?

విజయవాడ నుంచి ప్రశ్న: పొలాల సర్వేకి వెళ్లే కుర్రాళ్ల కోసం, చేత్తో పట్టుకునే జీపీఎస్ ఎలా వాడాలో తెలుగులో రాస్తున్నాను. వేపాయింట్‌కి ‘గుర్తు పెట్టిన చోటు’ అని రాస్తే ఇట్టే అర్థమైంది. బేరింగ్‌కీ హెడింగ్‌కీ ‘దిశ’ అనే రాశాను, అక్కడ తికమకపడుతున్నారు. మీరైతే ఏమంటారండీ?

గుంటూరు నుంచి జవాబు: రెండింటికీ ఒకే మాట పెట్టకండి, దారి తప్పేది అక్కడే. చేరాల్సిన చోటు మనకి ఏ వైపు ఉందో చెప్పేది బేరింగ్. మనం ఇప్పుడు ఏ వైపు కదులుతున్నామో చెప్పేది హెడింగ్. మీ ఊరి నుంచి మా ఊరికే చూడండి. విజయవాడకి గుంటూరు నైరుతిలో ఉంది, బేరింగ్ దాదాపు 225 డిగ్రీలు. కానీ ప్రకాశం బ్యారేజీ దాటుతున్నంతసేపూ మనం పోయేది ఇంచుమించు దక్షిణానికి, అంటే హెడింగ్ 180కి అటూ ఇటూ ఉంటుంది. నేనైతే ‘గమ్యం వైపు’, ‘నడక వైపు’ అంటాను. ‘నడక’ అనడానికి కారణం ఉంది. కంపాస్ లేని జీపీఎస్ మనం కదిలితేనే ఆ అంకె లెక్కగట్టగలదు. ఆగి నిలబడితే అది ఎటుపడితే అటు తిరుగుతుంది, నమ్మకూడదు.

డిగ్రీలు చెప్పేటప్పుడు మన దిక్కుల పేర్లు వాడండి. ఉత్తరం సున్నా. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగినట్టు ఈశాన్యం 45, తూర్పు 90, ఆగ్నేయం 135. వాస్తు వల్ల ఎనిమిది దిక్కులూ పల్లెల్లో చదువుకోనివాళ్లకి కూడా నోటికి వచ్చు. ఇంత మంచి సరుకు చేతిలో ఉండగా ‘దక్షిణ పడమర’ లాంటి అతుకుల మాటలు రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

మరొకరు: లోపల కంపాస్ ఉన్న మోడళ్లు నిలబడి ఉన్నా హెడింగ్ చూపిస్తాయి కదండీ. అక్కడ ‘నడక వైపు’ కుదరదు. తూర్పు ముఖం ఇల్లు అంటాం, అలాగే ‘ముఖం’ అంటే?

గుంటూరు: బాగుందండీ. కంపాస్ ఉన్నవాటికి ‘ముఖం’, లేనివాటికి ‘నడక వైపు’. కుర్రాళ్ల చేతికి ఏ రకం ఇస్తున్నారో చూసి రాసుకోవచ్చు.

విజయవాడ: మావి కంపాస్ లేనివే, ‘నడక వైపు’ అనే రాస్తాను. మరి రూట్, ట్రాక్?

గుంటూరు: రూట్ ముందే వేసుకున్న దారి. ట్రాక్ మనం నడిచిన ‘జాడ’. అయితే తెర మీద కనిపించే ఇంగ్లిష్ మాటను తీసేయకండి, తెలుగు లిపిలో పక్కనే ఉంచండి. వాళ్లు వెతికి నొక్కాల్సింది ఆ పేరునే.