గుడ్డిపువ్వా, గొడ్డుపువ్వా?

పరకాల పిల్ల: ఒక లైను మొన్నటి సంది నెత్తిల తిరుగుతున్నది, ఎవరికన్న ఎరుకైతే జర చెప్పుండ్రి. పత్తి ఏరేటప్పుడు మా బాపమ్మ అనేది, పాటనో పొడుపుకథనో గూడ తెల్వది. "గుడ్డిపువ్వు కడుపుల గులాబి బిడ్డ" అని మొదలైతది. రెండో లైను అస్సలు యాదికొస్తలేదు. ఇగ మా మేనత్తనడిగితె అది గుడ్డి కాదే పిల్లా, గొడ్డుపువ్వు అన్నది. ఏది కరెక్టు? పత్తిల గులాబి రంగు పురుగేందో అందరికి తెలుసు గాని దాని మీద క్లాసు మాత్రం వద్దు, మాట గురించి చెప్పుండ్రి.

వడ్డేపల్లి మాస్టారు: గొడ్డే, ఇందులో అనుమానమేముంది? కడుపు, బిడ్డ అనే మాటలు వెంటవెంటనే వచ్చినప్పుడు ముందు గొడ్డు ఉంటేనే చమత్కారం. తర్కంలో లేని వస్తువుకు వంధ్యాపుత్రుడని చెప్తారు కదా, గొడ్రాలి కొడుకు. ఆ పెద్దామె దాన్ని తిరగేసి గొడ్డుదాని కడుపులోనే బిడ్డను చూపించింది, అదీ పొడుపు. గుడ్డి అని చదివితే మిగిలేది ఏముంది, ఒక పువ్వు, ఒక పురుగు.

చెల్క రైతు: మాస్టారు తప్పుగ అనుకోకుండ్రి, మీరు ఎన్నడన్న పత్తిచేన్ల దిగిన్రా? మా నర్సంపేట దిక్కు ఏ ఊర్లె అడిగినా గుడ్డిపువ్వనే అంటరు, వ్యవసాయ శాఖోళ్ళు గూడ కరపత్రాలల్ల గుడ్డిపూలు ఏరి నాశనం చెయ్యాలెననే రాస్తరు. మంచి పువ్వు పొద్దుగాల విచ్చుకుంటది, దీంట్లనేమో లోపలున్న పురుగు రెక్కల అంచులన్ని దారం తీసి కుట్టేస్తది, మెలేసి ముడేసినట్టు ఉంటది గాని విచ్చుకోదు. ఒక రెక్క పట్టి గుంజుతె సన్నటి దారం టప్పున తెగుతది, లోపల పుప్పొడి నడుమ పిల్లపురుగు ఒళ్ళు తెల్లగ, తలకాయ నల్లగ మెసులుతుంటది. కండ్లు తెరువని పువ్వు, అందుకె గుడ్డి. దీనికి తర్కశాస్త్రం ఎందుకు సార్.

వడ్డేపల్లి మాస్టారు: మంచి మాట చెప్పారు, తెల్లగా ఉంటుంది అని మీరే అన్నారు. ఆ పురుగుకు గులాబి రంగు వచ్చేది ఆఖరి దశలో. మరి పువ్వు కడుపులో గులాబి బిడ్డ ఎట్లా పుట్టింది?

చెల్క రైతు: సార్ పాట పాడేటామె భూతద్దం పట్టుకొని కూసోలేదు.

హన్మకొండ మేడం: నాకు అసలు గులాబి మీదనే అనుమానం. మా అమ్మమ్మ వాళ్ళు ఎర్రపురుగు అనేవాళ్ళు, గులాబి రంగు పురుగు అనేది ఆఫీసోళ్ళ మాట, ఇంగ్లీషు పింక్‌కి చేసిన అనువాదం. పరకాల పిల్లా, బాపమ్మ నోట్ల గులాబి విన్నవా, లేకపోతే నువ్వు పేపర్ల చదివింది కలిసిందా?

పరకాల పిల్ల: గులాబినే మేడం, ఖచ్చితంగా. ఆ మాట కాడ గొంతు సాగదీసేది.

అడ్మిన్: గులాబి అనంగనే పార్టీల దిక్కు పోకుండ్రి, ఇప్పటికే రెండు కామెంట్లు తీసేసిన. ఇది భాష గ్రూపు.

పాలకుర్తి ద్విపద: అయ్యలారా గుడ్డా గొడ్డా అని కొట్లాడుతున్నరు గాని ఇది ద్విపద, రెండు పాదాల పద్యం, అని ఒక్కలకన్న తట్టిందా? గుడ్డిపు – ర గణం, వ్వుకడుపు – నల, లగులాబి – సల, బిడ్డ – గలం. మూడు ఇంద్రగణాలు, చివర సూర్యగణం, అచ్చుగుద్దినట్టు ఉన్నది. ద్విపదల బసవపురాణం రాసిన మా సోమన పుట్టిన మట్టి మీద పత్తి ఏరే ముసలామెకు గూడ ద్విపద నాలిక మీద ఉంటది మరి. ఇగ మేడం అన్న ఎర్ర పెట్టి "కడుపులెర్రబిడ్డ" అంటె చివర "డ్డ" ఒక్కటే మిగులుతది, గణం విరుగుతది. కాబట్టి గులాబినే ఖాయం.

బమ్మెర వాకిలి: గణాలు సరే, యతి ఏదన్నా? ద్విపదల పాదం మొదటక్షరంతోని మూడో గణం మొదటక్షరం జత కలవాలె, అదే యతి. అక్కడున్నది "ల". గు-కు ల-కు ఎప్పటి సంది చుట్టరికం? సోమన ఊరోళ్ళు యతి మర్చిపోతె ఎట్ల.

పాలకుర్తి ద్విపద: జానపదుల నోట యతి జారుతది తమ్మి, ప్రాస మాత్రం జారదు. రెండో అక్షరం డ్డ, అంటే రెండో పాదం గూడ డ్డ తోనే రావాలె. అడ్డ, గడ్డ, దొడ్డ, ఒడ్డు, బిడ్డ, వీటిల్ల ఏదో ఒకటి. పిల్లా, ఒక్కొక్కటి పలికి చూడు, ఏదన్న తగులుతదేమొ. నేనైతే గిట్ల పూర్తి చేసిన: "అడ్డమేమున్నదే ఆ పత్తికాయ". ర, ర, త, గలం. అ-కు ఆ-కు యతి గూడ కుదిరింది, వాకిలి తమ్ముడు చూసుకోవచ్చు.

బమ్మెర వాకిలి: నీ పాదం బాగనే ఉన్నది అన్నా, కాని బాపమ్మ పాదం దొరికిందా?

కొత్తవాడ నేత: ప్రాసతోని గుడ్డి గొడ్డు తేలదు, రెండిట్లనూ డ్డ ఉన్నది. యతి లెక్కకు తీసుకున్నా తేలదు, ఉ ఊ ఒ ఓ అన్నీ ఒక్క గుంపే, గు ఉన్నా గొ ఉన్నా యతికి ఒక్కటే. అంటే ఛందస్సు ఈ పంచాయితిల సాక్షి చెప్పదు. అర్థమే చూడాలె. గుడ్డి అంటే కండ్లు లేనిది ఒక్కటేనా? గుడ్డిగవ్వ అంటం, చెల్లనిది అని. గుడ్డిదీపం అంటం, సరిగ వెలగనిది అని. గుడ్డిపువ్వు అంటే చెల్లని పువ్వు అని గూడ కావచ్చు. అట్లనే గొడ్డు అంటే పిల్లలు కానిదే కాదు, గొడ్డుకారం అంటమా లేదా, ఏం కలవని ఒట్టి కారం. గొడ్డుపువ్వు అంటే ఒట్టిపువ్వు. ఎటుదిరిగి రెండు మాటలు ఒక్కకాడికే వస్తున్నయి, మాస్టారు గారి వంధ్యాపుత్రుని దాక పోవుడు అవసరం లేదు.

వడ్డేపల్లి మాస్టారు: గొడ్డుకారంలోని గొడ్డును ఇక్కడికి లాక్కురావడం అన్యాయం.

సాయిల్ టెస్ట్: నేను వ్యవసాయం చదివిన, భాష పండితుణ్ణి కాదు, కాని ఇక్కడ అందరు ఇష్టపడే ముక్క ఒకటి ఉన్నది. ఈ పురుగు ప్రజాతి పేరు పెక్టినోఫోరా. 1917ల బస్క్ అనే కీటక శాస్త్రవేత్త పెట్టిండు. పెక్టెన్ అంటే లాటిన్‌ల దువ్వెన, ఫోరా అంటే గ్రీకుల మోసేది. రెక్కలొచ్చిన తల్లిపురుగు మీసం మొదట్ల చిన్న దువ్వెన పండ్ల లెక్క వెంట్రుకలు వరసగ ఉంటయి, అందుకని ఆ పేరు. మన పురుగు జాతి పేరు గాసిపియెల్లా, పత్తికి లాటిన్ పేరు గాసిపియం, దానికి ఎల్లా తగిలించిన్రు. చిన్నచిన్న రెక్కలపురుగులకు ఎల్లా అని తోక పెట్టుడు లిన్నేయస్ కాలం నుంచి ఆనవాయితి. 1844ల శాండర్స్ వర్ణించిండు, నమూనాలు పోయింది మన గుజరాత్ భరూచ్ నుంచే. ఈ ప్రజాతిల ఇంక రెండే జాతులు, స్కూటిజెరా, ఎండెమా, రెండూ ఆస్ట్రేలియా దిక్కువి. స్కూటిజెరా అంటే డాలు మోసేది, అది గూడ పత్తి కాయనే తొలుస్తది. ఎండెమాకు పత్తితోని పనిలేదు, అక్కడి అడవి మందారాల మీద బతుకుతది.

కొత్తవాడ నేత: దువ్వెన మోసేదా! ఇన్నేండ్లు మన నెత్తిమీద ఈర్పెన పెట్టి దువ్వింది ఇదేనన్నమాట.

బమ్మెర వాకిలి: లాటిన్ ముందు, గ్రీకు వెనక. కలవకూడని రెండు భాషల మాటలు కలిపిన వైరిసమాసం కాదా ఇది? చిన్నయసూరి చూస్తే ఏమనేవాడో.

వడ్డేపల్లి మాస్టారు: రెండూ పరాయి భాషలే అయినప్పుడు మన వ్యాకరణంతో ఏం పని. మన దగ్గరే ఉంది చూడండి, చేలో ఎర పెట్టి పురుగులను పట్టే లింగాకర్షక బుట్ట. సంస్కృతం ముందు, తెలుగు వెనక, మిశ్రసమాసం, చెల్లుతుంది.

చెల్క రైతు: చెల్లుతది గాని నోరు తిరగదు సార్. మా ఊర్లె దాన్ని బుట్ట అనే అంటరు. కాళోజీ బడిపలుకుల భాష, పలుకుబడుల భాష అని వేరు చేసి చెప్పింది గిందుకే. లింగాకర్షక బుట్ట బడిపలుకు, గుడ్డిపువ్వు పలుకుబడి. ఇంకొక తమాష చెప్తా. రెక్కలొచ్చిన దాన్ని అందరం తల్లిపురుగు అంటం. బుట్టల ఎరకు వచ్చి పడేటివేమో అన్నీ మగయే, ఆడపురుగు వాసన పెట్టి పిలుస్తరు గదా దాంట్ల. వరసగ మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితె మందు సంగతి చూడాలెనని చెప్తరు. "ఇయ్యాల తొమ్మిది తల్లిపురుగులు పడ్డయి" అంటడు మా తమ్ముడు, తొమ్మిదిట్ల ఒక్క తల్లి గూడ ఉండదు.

హన్మకొండ మేడం: తల్లిపురుగు అనక ఏమంటరు మరి, మాథ్‌కి మనకు సొంత మాటేది? రెక్కలపురుగు అంటే ఈగ గూడ రెక్కల పురుగే.

మెట్‌పల్లి పాఠకుడు: శలభం ఉంది కదండీ.

బమ్మెర వాకిలి: శలభం అంటే నిఘంటువుల మిడుత అని ఉంటది. దీపంల పడి చచ్చేదీ శలభమే, పంట మీద పడి తినేదీ శలభమే. పాతకాలం కవులు దీపం మీద మిడుతలను పడేసిన్రు, నేనైతే ఏ మిడుతా దీపంల దూకంగ చూడలే. గీతల విశ్వరూపం కాడ "యథా ప్రదీప్తం జ్వలనం పతంగాః" అని ఉంటది, ఆ పతంగం ఇంకొక తలనొప్పి, పక్షీ పతంగమే సూర్యుడూ పతంగమే.

మెట్‌పల్లి పాఠకుడు: పోతన భాగవతంలో అవధూత తన గురువులను చెప్పే వరసలో అగ్నిలో పడే పురుగు వస్తుంది కదా, ఆయన ఏ మాట వాడాడో చూస్తే తేలిపోతుంది. ఇరవై నాలుగు గురువులు, పావురం, కొండచిలువ, సముద్రం, తరువాత అదే.

బమ్మెర వాకిలి: అన్నా, అది ఏకాదశ స్కంధం. ఏకాదశం, ద్వాదశం పోతనవి కావు, వెలిగందల నారయ రాసినయి. పోతన పురుగు సంగతి కావాలంటే సప్తమానికి రావాలె, "మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు". ఇగ చెప్పుండ్రి, మదనం అంటే ఏంది?

పాలకుర్తి ద్విపద: ఉమ్మెత్త. అయిపోయింది. మళ్ళ దీన్ని ఎందుకు లేపుతవు.

బమ్మెర వాకిలి: లేపాలె అన్నా. మదనానికి ఉమ్మెత్త అని ఉన్నది, మంగచెట్టు అని ఉన్నది, మైనం అని గూడ ఉన్నది. తేనెల తేలే తుమ్మెద మైనం కాడికి పోతదా అని గూడ చదవచ్చు, కాని తరువాత పాదాలు చూస్తె వాగులు, కుటజాలు, మంచు, అన్నీ బయటి ప్రకృతివే, కాబట్టి చెట్టే కావాలె. నాదొక ఊహ చెప్తా వినుండ్రి. ఉమ్మెత్త సందెవేళ విచ్చుకునే పువ్వు, పొడుగు గొట్టం లెక్క ఉంటది, దానికి రాత్రి తిరిగే పెద్ద రెక్కలపురుగులే అసలు చుట్టాలు. పగటి పురుగుకు మందారం, రాత్రి పురుగుకు ఉమ్మెత్త. పోతన ఏదో చెడ్డ పువ్వు కావాలని ఉమ్మెత్తను పెట్టలే, తుమ్మెద వేళ కాని పువ్వును ఏరి పెట్టిండు. హాలికులైన నేమి, అంటే దున్నుకొని బతికితె ఏంది అన్న పద్యం ఆయన పేరు మీద ఊరికె తిరుగుతలేదు, చేన్ల తిరిగినోడికే తెలుస్తది ఏ పువ్వుకు ఏ పురుగో.

వడ్డేపల్లి మాస్టారు: ఊహ అందంగా ఉంది. కాని ఆ హాలికుల పద్యం నోటి నుంచి నోటికి వచ్చిన చాటువు, ఆయన రాశాడని ఎవరు చూశారు? మదనానికి విషం, మత్తు అనే గుణాలు చాలు, సంసార విషయాలకు పోలిక అది. వేళల పట్టిక ఎందుకు?

సాయిల్ టెస్ట్: ఉమ్మెత్తకు రాత్రి రెక్కలపురుగులు వచ్చే మాట మాత్రం నిజం సార్.

హన్మకొండ మేడం: పాట ఎప్పటిదో తేలితే గులాబి సంగతి తేలుతది అనిపిస్తున్నది. పురుగును తట్టుకునే జన్యువు పెట్టిన బీటీ పత్తి 2002ల వచ్చింది, దాని రెండో రకం బోల్‌గార్డ్ రెండు 2006ల. ఆ తరువాత కొన్నేండ్లు ఈ పురుగు పేరే వినపడలే. మళ్ళ బీటీని తట్టుకొని లేచినంకనే ఊర్లల్ల గులాబి, గులాబి అనుడు ఎక్కువైంది. 97, 98ల వరంగల్‌ల పత్తిని ముంచినప్పుడు అందరి నోట్ల నలిగింది లద్దెపురుగు, పచ్చపురుగు. కాబట్టి బాపమ్మ పాట అయితే బీటీ కంటే చాన ముందటిదన్న కావాలె, లేదా మొన్నటిదన్న కావాలె.

చెల్క రైతు: మా తాత దేశి పత్తి పెట్టినప్పుడు గూడ ఈ పురుగు ఉన్నదన్నడు మేడం. ఎండకాలం దాటేందుకు గింజలల్లనే పండుకుంటది. రెండు గింజలను పక్కపక్కన పెట్టి దారంతోని కుట్టి, వాటి నడుమ బొర్రె చేసుకొని నిద్రపోతది, జిన్నింగు కాడ పత్తిగింజల కుప్పల చెయ్యి పెడితె అతుక్కొని ఉన్న జంట గింజలు చేతికొస్తయి, ఇప్పి చూస్తె లోపల గులాబి రంగుల ముడుచుకొని ఉంటది. అసలు గులాబి బిడ్డ అంటే అదే. ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసినోళ్ళను అడుగుండ్రి.

వడ్డేపల్లి మాస్టారు: అంటే బిడ్డ ఉన్నది గింజ కడుపులో, పువ్వు కడుపులో కాదు. పాఠమే "గుడ్డికాయ కడుపుల" అయి ఉండాలి, ఎవరో పువ్వు చేశారు.

చెల్క రైతు: సార్ పొద్దుగాల గొడ్డే అన్నరు, ఇప్పుడు గుడ్డికాయ అంటున్నరు.

వడ్డేపల్లి మాస్టారు: పువ్వు ఉంటే గొడ్డు, కాయ ఉంటే గుడ్డి. రెండు పాఠాలు, రెండు నిర్ణయాలు.

పాలకుర్తి ద్విపద: గుడ్డికా, యకడుపు, లగులాబి, బిడ్డ. గణాలు గిట్ల గూడ సరిపోయినయి! ర, నల, సల, గలం. యతి మాత్రం మళ్ళ అదే "ల" మీద పడ్డది.

పరకాల పిల్ల: మేనత్తకు మళ్ళ ఫోన్ చేసిన. ఇప్పుడామె గుడ్డీ కాదు గొడ్డూ కాదు, "గూడపువ్వు" అంటున్నది. పూత, గూడ రాలింది అంటరు గదా, ఆ గూడ అట. రెండో లైను ఆమెకు గూడ యాది లేదు, ఒడ్డు అనే మాట ఉండెనని మాత్రం చెప్పింది.

కొత్తవాడ నేత: గూడ అంటేనే మొగ్గ, ఇంక విచ్చని పువ్వు. గూడపువ్వు ఎట్లయితది, మొగ్గపువ్వు అన్నట్టు ఉన్నది.

పాలకుర్తి ద్విపద: గూడ పెడితె ప్రాస పోయె! రెండో అక్షరం ఒంటి డ, ఒడ్డుల జంట డ్డ. మేనత్త రెండు మాటలల్ల ఏదో ఒకటి వదులుకోవాలె.

బమ్మెర వాకిలి: గూడు అని ఎందుకు అనుకోవద్దు? గూటిపువ్వు, పురుగు గూడు కట్టిన పువ్వు. అది సరేగాని మాస్టారు, మదనం మంగచెట్టు అని మీరు గూడ ఒప్పుకోరు గదా, మంగకాయ తింటే వాంతులు, మత్తు కాదు. మరి మత్తు అనే గుణం చాలు అన్నరు మీరే, దానికి జవాబియ్యలే.

వడ్డేపల్లి మాస్టారు: ఇస్తాను, భోజనం చేసి వస్తాను. దానికి వేరే పోస్టు పెట్టండి, ఈ అమ్మాయి ప్రశ్న కింద కాదు.

అడ్మిన్: పెట్టిన. ఉమ్మెత్త, మంగ, మైనం అన్నీ అక్కడికి పోవాలె. గుడ్డి, గొడ్డు, గూడ మాత్రం ఇక్కడనే. ఒడ్డు తోని పాదం ఎవరికన్న తెలిస్తే పరకాల పిల్లను ట్యాగ్ చెయ్యుండ్రి.