లండన్‌లో శుక్ర, శనివారాల రాత్రులన్నీ పనికేనా?

ప్రశ్న:
లండన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను, ఉండేది నగరం తూర్పున ఉన్న ఈస్ట్‌హామ్‌లో. శుక్ర, శనివారాల్లో నగరం నడిబొడ్డున క్లబ్బులకు పేరున్న సోహోలోని ఒక రెస్టారెంటు వంటగదిలో రాత్రి ఒంటిగంట దాకా గిన్నెలు కడుగుతాను. చెత్త సంచులు పడేయడానికి వెనక సందులోకి వచ్చేసరికి, నా ఈడువాళ్లు క్లబ్బుల ముందు వరుసలు కట్టి నవ్వుకుంటూ ఉంటారు. ఇంత పెద్ద నగరానికి వచ్చి, దాని రాత్రిని వంటగది తలుపులోంచి మాత్రమే చూసి వెళ్లిపోతానేమోనని బెంగగా ఉంది. వేసవిలో గంటల పరిమితి ఉండదనీ, అప్పుడు బాగా సంపాదించి ఆ తర్వాత తిరగవచ్చనీ గదిలో ఉండే అన్న అంటున్నారు. మీరంతా ఎలా సర్దుకున్నారో చెప్పగలరు.

జవాబు:
వేసవి విషయంలో మీ అన్నగారి మాట నమ్మకండి. డిగ్రీ, ఆపై చదువులవారు స్టూడెంట్ వీసాపై టర్మ్ (చదువు సాగే కాలం) రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా, ఒక వారం మిగిలిన గంటలను మరో వారానికి కలుపుకోవడానికి వీల్లేదు. బ్యాచిలర్స్ వారికి వేసవి సెలవే గానీ, మాస్టర్స్ వారికి డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాసే ఆ నెలలు సాధారణంగా టర్మ్ కిందికే వస్తాయి. అందుచేత టర్మ్ తేదీలను మీ యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. వేరొకరి పేరిట ఉన్న ఫుడ్ డెలివరీ యాప్ ఖాతాను అద్దెకు ఇస్తామనేవారు కూడా తగులుతారు. ఆ పని స్వయం ఉపాధి కిందికి వస్తుంది, ఈ వీసాపై దానికి అనుమతి లేదు కనుక ఎంత ఆశ చూపినా ఒప్పుకోకండి. మరొక మాట, 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం యజమాని టిప్పుల్లో కోత పెట్టకుండా మొత్తాన్ని పనివారికి న్యాయంగా పంచాలి. ఆ పంపకం ఎలా జరుగుతోందో అడగండి.

జవాబు:
తమ్ముడూ, నేనూ హోటల్ పనిలో ఉన్నవాడినే. ఈ పనిలో ఉన్నవారికి అసలైన శనివారం సోమవారమే. క్లబ్బుల్లో ఆ రోజు రద్దీ తక్కువ, ప్రవేశ రుసుము కూడా చాలాచోట్ల తక్కువే. తోటి పనివారితో కలిసి వెళితే కొత్తవాడినన్న బెరుకు ఉండదు. అయితే 2016లో మొదలైన నైట్ ట్యూబ్ (రాత్రంతా నడిచే భూగర్భ రైలు) శుక్ర, శనివారాల రాత్రులే నడుస్తుంది, అదీ స్ట్రాట్‌ఫర్డ్ దాకా వస్తుందే తప్ప ఈస్ట్‌హామ్‌కు రాదు. మిగతా రోజుల్లో మీకు దిక్కు ఎన్15 బస్సే, ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర ఎక్కితే నేరుగా ఈస్ట్‌హామ్‌లో దిగవచ్చు. వయసు చూపించడానికి పాస్‌పోర్టును జేబులో పెట్టుకుని తిరగకండి. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్సు (నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు) తీసుకుంటే అదే సరిపోతుంది.

జవాబు:
క్లబ్బు ఒక్కటే రాత్రి కాదని నా అభిప్రాయం. పని ముగిశాక మేం అమ్మాయిలం కొందరం బ్రిక్ లేన్‌లో రాత్రంతా తెరిచి ఉండే బేగెల్ (గుండ్రటి రొట్టె) దుకాణంలో వేడివేడిగా తిని, అక్కడి నుంచి కలిసే బస్సెక్కేవాళ్లం. నా మట్టుకు లండన్ నచ్చడం మొదలైంది ఆ రాత్రుల్లోనే. మీ వంటగదిలో పనిచేసేవారిని ఒకసారి పిలిచి చూడండి, వాళ్లలోనూ మీలా బెంగపడుతున్నవారు తప్పకుండా ఉంటారు.