‘బెస్తెమూర్’ అంటే అమ్మమ్మా, నాన్నమ్మా?

ప్రశ్న: మినెసోటాలో స్థిరపడ్డ నార్వే కుటుంబపు పెద్దావిడ మీద మనవలు రాసిన సంస్మరణ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాం. ఆవిడను ‘బెస్తెమూర్’ అన్నారు. తెలుగులో ఏమనాలి? ఆవిడ చేసే ‘లెఫ్సె’ను రొట్టె అంటే సరిపోతుందా?

సమాధానం: బెస్తెమూర్ ఇద్దరికీ చెల్లుతుంది. ఎటువైపో చెప్పాలంటే వాళ్లకు విడిమాటలున్నాయి: అమ్మ తల్లి ‘మూర్‌మూర్’, నాన్న తల్లి ‘ఫార్‌మూర్’. మన అమ్మమ్మ, నాన్నమ్మల కూర్పే. రాసింది కూతురి పిల్లలో కొడుకు పిల్లలో తేలేదాకా బెస్తెమూర్ అనే ఉంచండి. ‘బామ్మ’ వద్దు, చాలా ఇళ్లల్లో అది తండ్రివైపు మాట.

మరో సమాధానం: ఎటువైపో తేల్చడానికి ఇంటిపేర్లను నమ్ముకోకండి. నార్వేలో స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరైంది 1923 చట్టంతోనే. అంతకుముందు పల్లెల్లో తండ్రి పేరు, దాని వెనక కమతం పేరు ఉండేవి. ‘ఊల్స్‌దత్తర్’ అంటే ఊలె కూతురు. కమతం మారితే ఆ పేరూ మారేది. అమెరికా చేరాక కొందరు ఓల్సన్ అనీ, కొందరు కమతం పేరుతోనూ స్థిరపడ్డారు. తోడబుట్టినవాళ్లకే వేర్వేరు ఇంటిపేర్లు కనిపిస్తాయి, వాటిని ‘సరిదిద్దకండి’.

లెఫ్సె సంగతి: మొదటిసారి వచ్చినచోట ‘బంగాళాదుంపలతో చేసే పలుచని లెఫ్సె రొట్టె’ అనండి, తర్వాత లెఫ్సె చాలు. ఆలూ పరోటా అనొద్దు, లోపల కూర ఉండదు. చేసే తీరు తెలిస్తే క్రియలు తప్పుపోవు. ఉడికిన దుంపల్ని వేడిమీదే జంతికల గొట్టంలాంటి సాధనంలో వత్తుతారు. ఉండ మిగిలితే రొట్టె అక్కడే చిరుగుతుంది. నాలుగు కప్పుల ముద్దకు పావు కప్పు వెన్న, పావు కప్పు మీగడ కలిపి రాత్రంతా చల్లారనిస్తారు. ఒకటిన్నర కప్పు మైదాను మర్నాడు, సరిగ్గా రొట్టెలు వత్తబోయే ముందు మాత్రమే కలపాలి. ముద్ద వెచ్చగా ఉంటే పిండి ఎక్కువ లాగి రొట్టె గట్టిపడుతుంది, కలిపి ఉంచేస్తే జిగురు తేలుతుంది. గాట్లున్న కర్రతో కాగితంలా వత్తి, పొడవాటి చెక్కబద్దను మధ్యలో దూర్చి ఎత్తి, సుమారు 260 డిగ్రీల సెల్సియస్ పెనం మీద పరుస్తారు. గోధుమరంగు మచ్చలు పడగానే అదే బద్దతో తిప్పుతారు. కాబట్టి ‘అట్లకాడతో’ అని రాయొద్దు. కాల్చినవి గుడ్డ కింద పేరుస్తారు, ఆవిరికి మెత్తబడతాయి. తినేటప్పుడు వెన్న, చక్కెర రాసి చుడతారు.

ప్రశ్న: ‘ఉఫ్ దా’ అన్న ఊతపదం కూడా ఉంది.

సమాధానం: బరువెత్తితే ‘అబ్బా’, చెడు కబురైతే ‘అయ్యో’. వ్యాసంలో ఎక్కువసార్లు వస్తే ఒక్కచోట అర్థం తెలిసేలా రాసి, మిగతాచోట్ల ఆవిడ మాటగా ‘ఉఫ్ దా’నే వదిలేయండి.