కొత్త రిసీవర్: వాట్లను బట్టి ఎంచుకోవాలా?

ప్రశ్న: నా పాత 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకు, ఒక సబ్‌వూఫర్‌కు ధ్వనిని పెంచి అందించే పరికరం) 4కే చిత్రాన్ని టీవీకి అందించలేకపోతున్నందున కొత్తది కొనదలచాను. స్పీకర్లు 4 ఓమ్‌లవి (ఓమ్ విద్యుత్ నిరోధానికి కొలమానం), గది చిన్నది. వాట్లు ఎక్కువున్న దానినే తీసుకోవాలా?

మొదటి సమాధానం: ప్రకటనల్లో చూపే వాట్లు చాలావరకు రెండు ఛానెళ్లు, ఒక్కోసారి ఒకటే పనిచేస్తుండగా కొలిచినవి కాబట్టి, ఎన్ని ఓమ్‌ల వద్ద, ఎంత వక్రీకరణతో (ధ్వని రూపు చెడటంతో) కొలిచారో చూడనిదే రెండు రిసీవర్లను పోల్చలేము. పైగా వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెళ్లే. 4 ఓమ్‌ల స్పీకర్లకు తయారీదారు సమ్మతి ఉందో లేదో ముందుగా కరదీపికలో చూడండి.

రెండవ సమాధానం: బ్లూరే ప్లేయర్‌ను టీవీకి కలిపి ధ్వనిని అక్కడినుంచి రిసీవర్‌కు తెచ్చుకునేటట్లయితే టీవీ, రిసీవర్ రెండింటిలోనూ ఇ-ఆర్క్ (టీవీ నుంచి ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ ద్వారా రిసీవర్‌కు పంపే సదుపాయం) ఉండాలి, దాని పాత రూపమైన ఆర్క్ డాల్బీ ట్రూహెచ్‌డీని (బ్లూరేల్లో వాడే, నాణ్యత తగ్గని ధ్వని రూపాన్ని) మోయలేదు. ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే కలిపితే ఈ చిక్కు లేదు.

ప్రశ్నించినవారు: నేరుగానే కలుపుతాను. కరదీపికలు చూడటం మొదలుపెట్టాను.